అంగడిలో నంబరు అడిగినప్పుడు



కొంతకాలము క్రిందట ఒక దినమున, మా సంఘస్థుడైన ఒక రైతుతో కూడ మేము మదనపల్లె వెళ్లితిమి. తెల్లవారకమునుపే ఆయన టమోటా పెట్టెలను మార్కెట్టు యార్డులో దింపెను. వేలము ముగిసి డబ్బు చేతికి వచ్చిన పిమ్మట, ఇంటికి కావలసిన సామానులు కొనుటకు ఇద్దరమును బజారులోని ఒక పెద్ద అంగడికి పోతిమి. నూనె, సబ్బులు, కందిపప్పు, బిడ్డకు నోటు పుస్తకములు, ఇవే ఆయన కొన్నవి. బిల్లు వేయు పిల్లవాడు తల యెత్తకుండనే, "నంబర్ చెప్పండి" అనెను. ఆయన పది అంకెలును చెప్పెను. "పేరు?" అనెను. పేరును చెప్పెను. "ఏ ఊరు?" అనెను. ఊరును చెప్పెను. తరువాత డబ్బు చెల్లించి, సంచి భుజమున వేసికొని బయటికి వచ్చెను. మా వంతు వచ్చినప్పుడు మేమును అట్లే చెప్పితిమి.

పుంగనూరు బస్సులో కూర్చున్న తరువాత మేము ఆయనను, "నంబరు ఎందుకిచ్చినావు నాయనా?" అని అడిగితిమి. ఆయన మా ముఖము చూచి, "అడిగినారు గదా అయ్యగారూ! మీరూ ఇచ్చినారు గదా?" అనెను. మాకు జవాబు తోచలేదు.

ఆ మాట చాల దినములు మా మనస్సును విడువలేదు. బల్లకు ఆవల కూర్చున్నవాడు ఏది అడిగినను చెప్పవలెనను భయము మన జనులలో తరతరములనుండి యున్నది. కరణము అడిగినను, అమీనా అడిగినను, అప్పిచ్చిన షావుకారు అడిగినను మన తాతలు చేతులు కట్టుకొని చెప్పిరి. "ఎందుకు?" అని తిరిగి అడుగుటకు వారికి ధైర్యము లేకపోయెను. నేడు ఆ బల్లయొద్ద నున్నది కరణము కాదు, నెల జీతమునకు పనిచేయు ఒక బీద పిల్లవాడు. అయినను మన అలవాటు మాత్రము మారలేదు. కావున ఈ మాసము మేము మీ యెదుట ఉంచదలచిన ప్రశ్న యేమనగా, వెల చెల్లించి సరకు కొనువాడు, వెలతోపాటు తన్ను గూర్చిన సంగతులను కూడ అంగడివానికి అప్పగింపవలెనా? అడిగినంత మాత్రమున ఇచ్చుట వినయమా, లేక అజాగ్రత్తయా?

మా చిన్నతనమున ఊరి అంగడిలో ఎవరును నంబరు అడుగలేదు. అడుగవలసిన అవసరమే లేదు. మనమెవరమో, ఎవరి బిడ్డలమో, మన ఇంట ఎంత అప్పున్నదో అంగడి యజమానికి తెలియును. ఆయన ఖాతా పుస్తకములో మన పేరు ఉండెను. మనకును ఆయన ఇంటి సంగతులు తెలియును. ఆ కాలము ఎంత మంచిదని నిట్టూర్చువారు కలరు. మేము అంత సుళువుగా ఆ మాట అనలేము. మనమెవరమో తెలిసినందుననే మా తాతగారు ఆ అంగడి మెట్టు ఎక్కలేకపోయిరి. వీధిలో నిలిచి, డబ్బు మెట్టుమీద ఉంచి, పొట్లమును ఎడముగా అందుకొనిరి. పేరును బట్టి వాడ తెలిసెను, వాడను బట్టి దూరము పెట్టిరి.

అందుచేత పట్టణములో పెద్ద అంగళ్లు మొదట తెరచినప్పుడు మా నాయనగారు ఎంతో సంతోషించిరి. బుట్ట చేత పట్టుకొని లోపలికి పోవచ్చును. బియ్యమును చేతితో ముట్టి చూడవచ్చును. ఎవరి బిడ్డవని అడుగువాడు లేడు. రూపాయి ఎవరి చేతిలోనుండి వచ్చినను రూపాయియే. పేరు అడుగని అంగడి మనవంటివారికి ఒక చిన్న విడుదలవంటిదే. ఆ విడుదలకు మన పెద్దలు ఎన్ని తరములు కనిపెట్టిరో మనము మరువరాదు. నేడు అదే అంగడి పేరును, ఊరును మరల అడుగుచున్నది. మనలను దూరముగా నిలువబెట్టుటకే అడుగుచున్నారని మేము చెప్పుట లేదు. వారు అడుగునది మరి కొంత సరకు అమ్ముకొనుటకే. అయితే ఒకసారి వ్రాసికొనబడిన సంగతి, వ్రాసికొన్నవాని చేతిలోనే నిలిచియుండునని ఎవరు పూచీపడగలరు?

ఆ పది అంకెలు ఎందుకు పనికివచ్చునో తెలిసికొందము. మనము కొన్న ప్రతి వస్తువును ఆ నంబరు క్రింద కంప్యూటరులో చేరును. ఏ దినమున వచ్చితిమి, ఏమి కొంటిమి, ఎంత చెల్లించితిమి అనునవన్నియు అందులో నిలుచును. ఒక సంవత్సరము గడచునప్పటికి, ఆ ఇంట పాలుత్రాగు బిడ్డ యున్నదో, చక్కెరవ్యాధి గలవారున్నారో, పంట డబ్బు ఏ నెలలో చేతికి వచ్చునో, ఆ లెక్కలు చూచువానికి చాలమట్టుకు అర్థమగును. ఇంతే కాదు. మన బ్యాంకు ఖాతాకును, గ్యాసు బండకును, ఆధారుకును సాధారణముగా అదే నంబరు కట్టబడియున్నది. కావున పేరు, ఊరు, నంబరు మూడును కలిపి ఒక మోసగాని చేతికి చిక్కినయెడల, వాడు మనలను పేరుపెట్టి పిలిచి, బ్యాంకునుండి మాట్లాడుచున్నామని చెప్పి నమ్మింపగలడు. తెలియనివాడు మాట్లాడిన అనుమానించు మనము, మన ఊరు పేరు చెప్పినవానిని వెంటనే నమ్ముదుము.

చిన్న వివరమే గదా అనుకొనువారు ఒక సంగతి వినవలెను. అమెరికా దేశములోని కాలిఫోర్నియాలో కార్డుతో డబ్బు చెల్లించుచున్న ఒక స్త్రీని అంగడివారు పిన్ కోడు మాత్రమే అడిగిరి. ఆమె చెప్పెను. వారు తన పేరును ఆ పిన్ కోడును జతచేసి తన ఇంటి చిరునామా కనుగొనిరని ఆమె కోర్టులో వ్యాజ్యము వేసెను. పిన్ కోడును కూడ సొంత వివరమే యనియు, కార్డుతో కొనువారిని అట్లు అడిగి వ్రాసికొనకూడదనియు ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు 2011లో తీర్పుచెప్పెను. చిన్న ముక్కలు జతపడినప్పుడే పూర్ణమైన రూపము కనబడును.

"మనము దొంగలమా? దాచుకొనుటకు మనకేమున్నది?" అని సంఘములో ఒక పెద్దమనుష్యుడు మమ్మును అడిగిరి. మంచి ప్రశ్నయే. దానికి జవాబుగా ఒక తల్లి సంగతి చెప్పుదుము. ఆమె సెలవు తీసికొని, గుర్తు తెలియకుండ కొన్ని వివరములు మార్చి వ్రాయుచున్నాము.

ఆ తల్లి విధవరాలు, కూలిపని చేసికొనును. ఆమెకు ఫోను లేదు. కుమార్తె కాన్పుకు పుట్టింటికి వచ్చి, ప్రసవము తరువాత మనస్సు కలత చెంది, నిద్రలేక బాధపడుచుండెను. డాక్టరు మందులు వ్రాసియిచ్చిరి. మందుల అంగడిలో నంబరు అడిగినప్పుడు ఆ తల్లికి కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే, అది ప్రక్కింటి అబ్బాయిది. అదే చెప్పెను. మందుల పేర్లతో కూడ బిల్లు ఆ ఫోనుకు పోయెను. సాయంకాలమునకు కొళాయియొద్ద ఆడవారు ఆ సంగతే చెప్పుకొనుచుండిరి. వారము తిరుగకముందే అల్లుని ఇంటివారికి తెలిసెను. "పిచ్చిపిల్లను అంటగట్టినారు" అని వారు కబురంపిరి. ఆ తల్లి మా గుమ్మములో కూర్చుండి, "నేనేం తప్పు చేసినాను అయ్యగారూ? నంబరు చెప్పకపోతే మందు ఇయ్యరేమో అని చెప్పినాను. అంతే గదా!" అని యేడ్చెను.

ఆమె దొంగ కాదు. ఆమె కుమార్తె ఏ పాపమును చేయలేదు. అయినను కప్పియుంచవలసినది వీధిన పడెను. దాచుట వేరు, కప్పుట వేరు. తప్పును దాచుట పాపము. గాయమును కప్పుట ప్రేమ. మన ప్రాంతమువారికి ఈ భేదము తెలియనిది కాదు. మదనపల్లె యొద్ద ఆరోగ్యవరములో క్షయరోగుల ఆస్పత్రి 1915లో తెరువబడెను. క్షయ అను మాట వినినంతనే చుట్టములు ఎడమైపోవు కాలమది. ఆ కాలములో రోగి పేరును బయటపెట్టకుండుట కూడ రోగికి చేయు ఉపచారములో ఒక భాగమే.

సమరయ బావియొద్ద మన ప్రభువు ఏమి చేసెనో చూడుడి (యోహాను 4). శిష్యులు ఆహారము కొనుటకు ఊరిలోనికి పోయియుండిరి. ప్రభువు ఆ స్త్రీతో ఒంటరిగా మాట్లాడెను. ఆమె జీవితమంతయు ఆయనకు తెలియును. తెలిసినదానిని ఆమెతోనే చెప్పెను గాని, ఊరివారితో చెప్పలేదు, తిరిగివచ్చిన శిష్యులతోను చెప్పలేదు. ఊరిలోనికి పోయి చెప్పినది ఆమెయే, తన యిష్టముతోనే. మన సంగతి అంతయు ఎరిగియుండి, మనలను అమ్ముకొననివాడు ఆయన. ఒకరిని గూర్చి తెలిసికొనుట తప్పు కాదు. తెలిసినదానిని ఎవరి మేలునకు వాడుచున్నామనునదే ప్రశ్న.

ఇతరులను గూర్చి ఇంత వ్రాసిన మేము, మా తప్పును కూడ ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మేము సంఘ కుటుంబముల పేర్లు, ఫోను నంబర్లు, బిడ్డల తరగతులు, ఎవరికి ఏ వ్యాధి యున్నదో ప్రార్థన నిమిత్తమై ఒక నోటు పుస్తకములో వ్రాసికొంటిమి. ఒక దినమున ఒక మనుష్యుడు పండ్ల బుట్టతో మా ఇంటికి వచ్చి, బీద బిడ్డల చదువునకు సహాయము చేయించెదనని చెప్పి, మా పరిచర్యను ఎంతో పొగడి, ఆ పుస్తకమును చూడగోరెను. మేము సంతోషించి, చూపుటయే గాక, ఫోనుతో పుటలన్నియు ఫోటో తీసికొననిచ్చితిమి. నెల దాటకమునుపే సంఘస్థులకు ఫోనులు రాసాగెను. "మీ పాపకు స్కాలర్‌షిప్ వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని అడిగిరట. ఒక తల్లి కూలి చేసి కూడబెట్టిన డబ్బు పోగొట్టుకొనెను. బిడ్డ పేరును తరగతియు సరిగా చెప్పిరి గనుక నమ్మితినని ఆమె మాతో చెప్పెను. మా పుస్తకమునుండియే ఆ సంగతులు పోయెనని మేము రుజువు చేయలేము. కాదని చెప్పుటకును మాకు ధైర్యము లేదు.

ఆ రాత్రి యెషయా 39వ అధ్యాయము మాకు జ్ఞాపకమునకు వచ్చెను. హిజ్కియా రాజు రోగియై బాగుపడినప్పుడు, బబులోను రాజు పత్రికలతోను కానుకతోను మనుష్యులను పంపెను. హిజ్కియా వారిని బట్టి సంతోషించి, తన ఖజానాను, వెండి బంగారములను, ఆయుధములను, సమస్తమును చూపెను. చూపనిది ఒక్కటియు లేదు. తరువాత ప్రవక్త వచ్చి, పితరులు కూర్చినదంతయు బబులోనునకు పోవుననియు, సంతానములో కొందరు కూడ చెరపట్టబడుదురనియు చెప్పెను. కానుక పుచ్చుకొన్నవాడు హిజ్కియా, నష్టపడినవారు అతని తరువాతి తరమువారు. అతడు చూపినది అతని సొత్తు మాత్రమే కాదు. అతని పితరులు దాచినది, అతని బిడ్డలకు చెందవలసినది. మేము చూపిన పుస్తకమును మాది కాదు. సంఘము మమ్మును నమ్మి చెప్పిన మాటలవి. మాకు పండ్ల బుట్ట దొరికెను, ఆ తల్లి డబ్బు పోయెను.

ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇదియే. మన ఇంటి నంబరు మన ఒక్కరిది కాదు. ఆ నంబరు వెనుక భార్య యున్నది, బిడ్డలున్నారు, కొన్నిసార్లు ప్రక్కింటివారును ఉన్నారు. అది మనకు అప్పగింపబడినది. అప్పగింపబడినదానిని, అడిగిన ప్రతివానికి అడిగినంతనే ఇచ్చుట వినయము కాదు.

అయితే ఎక్కడను ఏమియు చెప్పకూడదా? అట్లు కాదు. ఎరువుల అంగడిలో యూరియా బస్తాకు ఆధారు అడుగుదురు. ప్రభుత్వము ఇచ్చు రాయితీ, మిషనులో నమోదైన అమ్మకమును బట్టి కంపెనీకి చెల్లింపబడును. దానికి కారణము కలదు. క్షయకు వాడు కొన్ని మందులు, నిద్రకు వాడు కొన్ని మందులు అమ్మినప్పుడు రోగి పేరు, వ్రాసిన డాక్టరు పేరు పుస్తకములో వ్రాయవలెనని 2014నుండి చట్టమున్నది. అక్కడ పేరు చెప్పుట ధర్మము. మోటారు పంపు కొన్నప్పుడు గ్యారంటీ కొరకు పేరు వ్రాయింతుము. అది మన మేలునకే. సబ్బునకును కందిపప్పునకును అట్టి కారణమేదియు లేదు. కారణమున్న చోట ఇత్తము. కారణము తెలియని చోట అడుగుదము.

ఇట్లు అడుగుట తలబిరుసుతనము కాదు. మన కుప్పమునకు పొరుగుననున్న కర్ణాటక రాష్ట్రములో హైకోర్టు జడ్జిగా పనిచేసి విశ్రమించిన కె.ఎస్. పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యములో, సుప్రీంకోర్టునకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పుచెప్పిరి. తన సొంత సంగతులను తన యొద్ద ఉంచుకొనుట ప్రతి పౌరుని ప్రాథమిక హక్కని ఆ తీర్పు సారాంశము. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు, సరకు అమ్ముటకు మొబైలు నంబరు ఇయ్యవలెనని కొనువారిని బలవంతము చేయవద్దని వ్యాపారులకు తెలియజేసిరి. అదే సంవత్సరము ఆగస్టులో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చెను. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై యుండవలెననియు, చెప్పిన పనికి అవసరమైనంత మట్టుకే వివరములు తీసికొనవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. అందులో మందుల అంగడి ఉదాహరణ కూడ ఉన్నది. మందులు కొన్న ఒక స్త్రీ, రసీదు తన ఫోనుకు పంపుడని తానే కోరి నంబరు ఇచ్చినయెడల, అంగడివారు రసీదు పంపుటకు దానిని వాడుకొనవచ్చును. ఏ పనికి ఇచ్చెనో ఆ పనికే. 2025 నవంబరులో ఈ చట్టపు నియమములు ప్రకటింపబడెను. వ్యాపారులపైనున్న ముఖ్యమైన విధులు ఆ ప్రకటనకు 18 నెలల తరువాత అమలునకు వచ్చునట్లు అందులో నిర్ణయింపబడినది.

మన యౌవనస్థులలో కొందరు మదనపల్లెలోను, బెంగుళూరులోను ఇట్టి అంగళ్లలో బిల్లులు వేయు పని చేయుచున్నారు. వారికి ఒక మాట. సుంకరులు బాప్తిస్మమిచ్చు యోహాను నొద్దకు వచ్చి, మేమేమి చేయవలెనని అడిగినప్పుడు, ఆయన పని మానుకొనుడని చెప్పలేదు. నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దని మాత్రము చెప్పెను (లూకా 3). యజమాని అడుగమనిన మీరు అడుగక తప్పదేమో. అయితే "ఇష్టముంటే చెప్పండమ్మా, లేకపోయినా బిల్లు ఇస్తాను" అని చెప్పుట మీ చేతిలోనిదే. చదువురాని తల్లికి ఆ ఒక్క మాట ఎంత ఆదరణయో మీరెరుగరు.

కొనువారికి కూడ కొన్ని మాటలు. బిల్లు వేయు పిల్లవానిమీద కోపపడవద్దు, ఆ నియమము పెట్టినవాడు అతడు కాడు. "నంబరు వద్దు నాయనా, బిల్లు కాగితము ఇయ్యి" అని నెమ్మదిగా చెప్పిన చాలును. కొందరు నోటికి వచ్చిన పది అంకెలు చెప్పి తప్పించుకొనుచున్నారు. అది అబద్ధము. అంతేకాక ఆ అంకెలు మరియొక బీదవాని నంబరై యుండవచ్చును, మన బిల్లులు వాని ఇంట చేరును. పాయింట్లు వచ్చును, పది రూపాయలు తగ్గునని నంబరు ఇచ్చువారిని మేము నిందింపము. బీద ఇంట పది రూపాయలు పది రూపాయలే. తెలిసి ఇచ్చినయెడల అది మీ నిర్ణయము. అయితే ఆకలి వేళ ఏశావు చేసిన బేరమును ఒకసారి తలంచుకొనుడి. ఏది ఇచ్చి ఏది పుచ్చుకొనుచున్నామో లెక్కచూచుట మంచిది. ఓటీపీని మాత్రము ఎవరు ఎంత ప్రేమగా అడిగినను చెప్పవద్దు. మోసపోయినయెడల సిగ్గుపడి ఊరకుండక వెంటనే 1930కి ఫోను చేయుడి. అంగడివారు నంబరు లేనిదే సరకు ఇయ్యమని పట్టుబట్టినయెడల 1915 అను వినియోగదారుల నంబరునకు చెప్పుకొనవచ్చును.

మా పుస్తకము సంగతి ఆదివారము ఆరాధనయందు సంఘము ఎదుట చెప్పి క్షమాపణ అడిగితిమి. పోయిన డబ్బును సంఘ పెద్దలును మేమును కలిసి ఆ తల్లికి తిరిగి ఇచ్చితిమి. ఇప్పుడు ఆ పుస్తకములో ప్రార్థనకు అవసరమైనది తప్ప మరేమియు వ్రాయుట లేదు. అది పెట్టెలో తాళము క్రింద ఉన్నది. చూడగోరువారు ఎంతటివారైనను, ఎవరి సంగతియో వారి సెలవు లేనిదే చూపము.

మొన్న మరల ఆ రైతుతో మదనపల్లె పోతిమి. అదే అంగడి, అదే పిల్లవాడు. "నంబర్ చెప్పండి" అనెను. మా సహోదరుడు ఒక నిమిషము ఊరకుండి, మా వైపు చూచి, తరువాత ఆ పిల్లవానితో, "ఎందుకబ్బా?" అని అడిగెను. ఆ పిల్లవాడు మొట్టమొదటిసారి తల యెత్తి ఆయన ముఖము చూచెను. "ఏం లేదన్నా, అడగమన్నారు. వద్దంటే వద్దులే" అని చెప్పి బిల్లు ఇచ్చెను. వెనుక వరుసలో నిలిచియున్న ఒక ముసలమ్మ ఈ మాటలు వినుచుండెను. ఆమె వంతు వచ్చినప్పుడు ఆమెయు, "నాదీ వద్దు నాయనా" అనెను.